విరిగిన కత్తిని ఏమి చేయవలెను?

పశువుల కొట్టపు చూరులో దోపిన విరిగిన కత్తి ఒకటైన లేని రైతు ఇల్లు అరుదు. మొన పోయినది ఒకటి, పిడి మొదట విరిగినది మరొకటి. ఎప్పుడైన బాగుచేయింతమని దోపుదుము. పాత ఇనుము కొనువాడు వచ్చిన దినమున తూకమునకు వేసివేయుదుము. పని తొందరలో ఉన్నచో వెల్డింగు దుకాణమునకు పంపి, విరిగిన చోటనే అతికించి తెప్పింతుము. ఈ రెండును సరియైన పద్ధతులు కావు. తూకమునకు వేయుట నష్టము. అతికించి వాడుట ప్రమాదము.

ముందుగా ప్రమాదము సంగతి చూతము. మచ్చుకత్తిలో కోసెడి భాగము అలుగు. పిడిలోనికి దూరియుండు సన్నని భాగమును ములుకు అని చెప్పుకొందము. దెబ్బ వేసినపుడు బలమంతయు అలుగును ములుకును కలిసెడి మెడ వద్దకు చేరును. ఆ మెడ నిలువుగా, మూల తేలునట్లు కోయబడియున్నచో చీలిక అచ్చటనే పుట్టును. పిడిలో చెమ్మ చేరి ములుకు త్రుప్పు పట్టినచో ఇక చెప్పనక్కరలేదు. తుమ్మకొమ్మ నరకునపుడు మెడ విరిగిన కత్తి ఎగిరి ఎవరి కాలిపై పడునో తెలియదు. కత్తి రైతుది, దానిని పట్టిన చేయి చాలచోట్ల కూలివానిది. కావున కత్తి బాగోగులు చూచుట కొన్నవాని బాధ్యత.

అతుకు ఎందుకు నిలువదు? మంచి కత్తులలో అనేకము లారీ కమాను పట్టీల నుండి చేసినవే. ఆ ఉక్కులో కర్బనము సుమారు 0.5 నుండి 0.6 శాతము ఉండును. అట్టి ఉక్కును వెల్డింగు మంటతో ఒకచోట కరగించి విడిచినచో, చుట్టునున్న చల్లని లోహము వేడిని త్వరగా లాగుకొనును. అతుకు ప్రక్కభాగము గాజువలె పెళుసగును. దానికి కొంచెము అవతలి భాగము పదును పోయి మెత్తబడును. పైకి అతుకు దృఢముగా కనిపించును. పదవ దెబ్బకో నూరవ దెబ్బకో అతుకు ప్రక్కనే విరుగును.

సరియైన మార్గము కమ్మరి కొలిమి. మెడ వద్ద విరిగినచో అలుగు మొదటి భాగమునే ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి క్రొత్త ములుకు తీయింపవలెను. కత్తి రెండు మూడు అంగుళములు పొట్టియగును. కాని అతుకు లేని ఒకే ఉక్కుగా నిలుచును. మెడ మూలను నిలువుగా కోయక గుండ్రముగా ఉంచుమని కమ్మరికి చెప్పవలెను. మొన మాత్రమే విరిగినచో సాన పట్టి క్రొత్త మొన తీసిన చాలును. నడుమ విరిగినచో అతుకు ఆశ వదలి, ముక్కతో కూరలు తరుగు చిన్న కత్తి చేయించుకొనుట మేలు.

కొలిమికి పంపుటకు ముందు ఒక పరీక్ష చేయవలెను. అలుగును శుభ్రముగా రుద్ది, కిరసనాయిలు పూసి, కొంతసేపు ఉంచి తుడిచి, సుద్దపొడి చల్లవలెను. కంటికి కనపడని చీలిక ఉన్నచో లోపలి నూనె పైకి వచ్చి సుద్దపై నల్లని గీతగా తేలును. చీలిక అలుగు నడుమకు పోయినను, త్రుప్పు లోతుగా తినినను ఆ కత్తిపై ఖర్చు పెట్టరాదు. దానిని తూకమునకు వేయవలసినదే.

పదును విషయములో తొందర పనికిరాదు. ఉక్కు సుమారు 770 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద అయస్కాంతమునకు అంటుట మానును. అంతకు కొంచెము మించి కాల్చి, కమాను ఉక్కును నూనెలో ముంచవలెను. నీటిలో ముంచిన పగులవచ్చును. నూనె మండవచ్చును గనుక ఈ పని గడ్డివామికి దూరముగా జరుగవలెను. ఇంతటితో కత్తి పెళుసుగా ఉండును. దానిని మెరుగుపెట్టి వీపు వైపునుండి నిదానముగా వేడి చేసినచో గడ్డిరంగు, గోధుమరంగు, ఊదారంగు వరుసగా వచ్చును. కొమ్మలు నరకు కత్తికి అంచున ఊదారంగు, అనగా సుమారు 280 డిగ్రీలు, తగును. ములుకునకు ఈ గట్టిదనము అక్కరలేదు. అది మెత్తగా ఉండుటయే క్షేమము. తరువాత కరెంటు సాన పట్టునపుడు తరచు నీటిలో ముంచవలెను. అంచు నీలముగా మారినచో పదును పోయినట్లే.

పిడికి బాగుగా ఎండిన తుమ్మ కర్ర మంచిది. పచ్చికర్ర ఎండి కుదించుకొని పట్టు వదలును. పిడి నోటికి ఇనుప పొన్ను తప్పక వేయింపవలెను.

క్రొత్త కత్తి కొనుట సులువు కాదా అని కొందరు అడుగుదురు. సులువే. కాని కొలిమి ఆరిపోయిన ఊరిలో కత్తియే కాదు, గునపము మొన అరిగినను, కర్రు మొద్దుబారినను పట్టణమునకు పోవలసివచ్చును. వెనుకటి రోజులలో కళ్లమున కమ్మరికి మేర కొలిచెడివారు. ఆ ఆచారము తిరిగి రాదు, రావలెనని కోరుటయు న్యాయము కాదు. చేసిన పనికి రొక్కము ఇచ్చుటయే నేటి మర్యాద. బేరము లేక కమ్మరులు పని మానుకొనుచుండగా, ఉన్న కత్తులను మనము తూకమునకు వేయుచున్నాము.

గ్రామాధికారులు చేయదగిన పని ఒకటి కలదు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో కమ్మరపు పని ఒకటి. శిక్షణ దినములకు రోజునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయము, పూచీ లేకుండ మొదటి విడత లక్ష, రెండవ విడత 2 లక్షల రూపాయల వరకు 5 శాతము వడ్డీకి అప్పు అందులో ఏర్పరుపబడినవి. దరఖాస్తుల మొదటి పరిశీలన గ్రామ పంచాయతీలోనే జరుగును. ఊరి కమ్మరికి ఈ సంగతి తెలిపి కాగితములు సిద్ధము చేయించుట పెద్ద శ్రమ కాదు.

ఏరువాక పున్నమికి ముందు ఒక దినము నిర్ణయించుకొని, ఊరిలోని విరిగిన పనిముట్లన్నిటిని ఒకేసారి కొలిమికి చేర్చుట మంచిది. కమ్మరికి చేతినిండ పని దొరకును. మన పని నడిమిలో ఆగదు. ఈ సాయంత్రమే కొట్టపు చూరు ఒకసారి వెదకి చూడుడు.