మామయ్యగారి కారుకి ఎంత కరెంటు కావాలి?

మా మామయ్యగారికి ఇద్దరు కొడుకులు. మూడో సంతానం 1972 నాటి అంబాసిడర్. ఈ మాట నాది కాదండీ, మా అత్తయ్యగారిది.

మొన్న మాఘమాసంలో పెళ్లికి వెళ్ళి రాత్రి తిరిగొస్తుంటే, రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు హెడ్‌లైట్లు కొండెక్కే దీపాల్లా అయిపోయాయి. వెనక సీట్లో పిల్లలు నిద్ర, ఎదురుగా లారీలు. ఇల్లు చేరేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

తెల్లారి మా వారు, "డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టిద్దాం నాన్నా" అన్నారు. "ఒక్కో సామానూ మార్చుకుంటూ పోతే అది నా కారెలా అవుతుందిరా?" అని మామయ్యగారు కంచం ముందు నుంచి లేచిపోయారు.

ఆయన బాధ నాకు తెలుసు. అయినా ఈ విషయంలో నేను మా వారి వైపే. డైనమో ఇంజను జోరుగా తిరిగితేనే కరెంటిస్తుంది. బండి ఆగి ఉంటే భారమంతా బ్యాటరీదే. ఆల్టర్నేటర్ అయితే ఆగి ఉన్నప్పుడూ ఛార్జింగ్ చేస్తుంది.

మరి ఎంతది కొనాలి? షాపులో 65 ఆంపియర్లది చూసి మా వారు మురిసిపోయారు. నేను పాల లెక్కల పుస్తకం తీశాను. హెడ్‌లైట్లు రెండూ కలిపి 110 వాట్లు. వెనక లైట్లు, వైపర్, ఇగ్నిషన్, ఫ్యాను అన్నీ వేసినా 250 దాటలేదు. 12 వోల్టులతో భాగిస్తే 21 ఆంపియర్లు. బ్యాటరీ ఛార్జింగుకి కొంత కలుపుకున్నా 40 చాలు. పెద్దదైనా అడిగినంతే ఇస్తుంది, నిజమే. కానీ బ్యాటరీ బాగా దిగిపోయిన రోజు అది ఎక్కువ లాగుతుంది, ఆ పాత సన్న వైర్లు వేడెక్కుతాయి. నలుగురున్న ఇంటికి పెళ్లి గుండిగ ఎందుకు?

ఏది కొన్నా, బ్యాటరీకి వెళ్ళే వైరు మాత్రం లావుది వేయించాలి. కొన్ని పాత బళ్ళలో బ్యాటరీ ప్లస్సు బాడీకి కలిపి ఉంటుంది. అది చూసుకోకుండా మామూలు ఆల్టర్నేటర్ బిగిస్తే లోపలి డయోడ్లు కాలిపోతాయి.

మెకానిక్‌కి ఒక్క షరతు పెట్టాను: ఏదీ కోయకూడదు, రేపు మళ్ళీ డైనమో పెట్టుకోగలగాలి. అది విన్నాక మామయ్యగారు మెత్తబడ్డారు. తీసిన డైనమోని ఆయనే తుడిచి, గోనెపట్టాలో చుట్టి అటకెక్కించారు.

పాతదాన్ని కదపకుండా షెడ్డులో దాచడం కన్నా, కాస్త మార్చుకుని రోడ్డు మీద తిప్పడమే దానికి మర్యాద అని నా అభిప్రాయం. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళేమంటారు?