శివారు బడికి నీరు, అన్నము

నరసాపురమున నిలిచి నీటి కొరతను గూర్చి మాట్లాడినచో వినువారు నవ్వుదురు. పట్టణమును ఒరసికొని వశిష్ఠ గోదావరి, కొంత దూరమున సముద్రము, ఊరూర కాలువ, కాలువకు ఇరుప్రక్కల వరిచేలు, చేపల చెరువులు. ఎటు చూచినను నీరే. అయినను మా విద్యార్థులలో పెక్కుమంది ఏ పల్లెలనుండి వచ్చుచున్నారో, ఆ పల్లెలలోని బడిపిల్లలు నేటికిని ఇంటినుండి సీసాతో నీరు తెచ్చుకొనుచున్నారు. ఆ సీసా మధ్యాహ్న భోజనమునకు ముందే అయిపోవును. నీరు త్రాగినచో మరుగుదొడ్డికి పోవలసివచ్చుననియు, అచ్చట నీరుండదనియు ఎరిగి, ఆడపిల్లలు దాహమైనను ఓర్చుకొందురు. ఇది మేము పుస్తకములలో చదివిన విషయము కాదు. సేవా శిబిరములకై పల్లెలకు వెళ్లినపుడు కన్నులార చూచినది.

ఇట్లేల జరుగుచున్నది? కాటన్ దొర ధవళేశ్వరము వద్ద 1847లో ప్రారంభించి 1852లో ముగించిన ఆనకట్ట ఈ డెల్టాను కరవునుండి గట్టెక్కించినది. అందులకు మన పూర్వులు కృతజ్ఞులై యుండిరి, మనమును కృతజ్ఞులమే. కాని కాలువ యన్నదానికి తల ఉన్నట్లే తోకయు ఉండును. తలవైపు ఊళ్లవారు వాడుకొనగా మిగిలిన నీరు శివారునకు వచ్చును. వచ్చునపుడు పై ఊళ్ల మురుగును వెంటబెట్టుకొని వచ్చును. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. ఆ లోపుననే మంచినీటి చెరువు నింపుకొనలేని ఊరికి ఆ వేసవి కటకటయే. పోనీ, బోరు వేయుదమన్నచో సముద్రతీరపు నేల. పైపొరలో కొద్దిపాటి తీపినీరు, దాని క్రింద ఉప్పునీరు. తీపినీటిని అతిగా తోడినకొలది ఉప్పునీరు పైకి వచ్చును.

దీనికి తోడు చెరువుల సేద్యము. చేపలు, రొయ్యలు మన ప్రాంతమునకు ధనము తెచ్చినవి. ఈ పత్రిక చదువుచున్న విద్యార్థులలో కొందరి చదువు ఆ చెరువుల రాబడిపైననే సాగుచున్నదని మాకు తెలియును. కావున ఆ వృత్తిని నిందించుట మా ఉద్దేశము కాదు. మేము కోరునది ఒక్కటే: చెరువులో వాడిన నీటిని త్రాగునీటి కాలువలోనికి వదలరాదు. తన బిడ్డకు టిన్ను నీరు కొనగల రైతు, తన కూలివాని బిడ్డ ఆ కాలువనీరే త్రాగునని మరచుట న్యాయము కాదు.

టిన్ను నీరు ఉన్నది కదా యని కొందరందురు. ఇరువది లీటర్ల టిన్ను నేడు పల్లెలలో సైతము ఇంటింటికి వచ్చుచున్నది. కాని అది కొనగలవారికి మాత్రమే నీరు. ప్రతి ఉదయము రెండువందల మంది పిల్లలకు టిన్నులు కొను స్తోమత ఏ పల్లె బడికున్నది? కొన్నను ఆ నీటితో వంట చేయగలరా? పళ్లెములు కడుగగలరా?

మేము చెప్పదలచిన మార్గము కొత్తది కాదు, ఖరీదైనదియు కాదు. అది వాననీరు. మన జిల్లాలో సాధారణ సంవత్సరమున ఒక మీటరుకు పైగా వాన కురియును. బడి కప్పు వైశాల్యము 200 చదరపు మీటర్లనుకొందము. దానిపై పడు నీరు రెండు లక్షల లీటర్లు. ఐదవ వంతు వృథా పోయినను లక్షా అరువది వేల లీటర్లు మిగులును. పిల్లవానికి త్రాగుటకు, వంటకు కలిపి దినమునకు 3 లీటర్లు చాలుననుకొన్నచో, 200 మందికి 600 లీటర్లు. 220 బడిదినములకు 1,32,000 లీటర్లు. ఉప్పు లేని నీరు, ఎవరి అనుమతియు అక్కరలేని నీరు, మన కప్పుమీదనే పడి మురుగుకాలువ పాలగుచున్నది.

వాన లేని మార్గశిరము మొదలు చైత్రము వరకు సుమారు 100 బడిదినములకు 60,000 లీటర్ల నిలువ కావలెను. ఆరు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు గల తొట్టి అందులకు సరిపోవును. మన నేలలో కొద్దిగా త్రవ్విననే నీరూరును గనుక తొట్టిని నేలపైననే కట్టవలెను. తొలి వానల నీటిని కప్పు కడుగుటకు విడిచిపెట్టవలెను. దోమలు చేరకుండ తొట్టికి మూత ఉండవలెను.

నీరు శుభ్రమగుటకు ఇసుక వడపోత కలదు. మన అవ్వలు ఇండుపగింజ అరగదీసి కాలువనీటిని తేర్చెడివారు. దానివలన మడ్డి దిగును గాని రోగక్రిములు పూర్తిగా పోవు. ఇసుక గుండ నీటిని మెల్లగా దిగనిచ్చినపుడు ఇసుకపై ఒక సన్నని జీవపు పొర ఏర్పడి, క్రిములను చాలవరకు హరించును. 1892లో జర్మనీలో ఎల్బే నది ఒడ్డున ఉన్న హాంబర్గు నగరమున కలరా వేలమందిని బలిగొన్నది. అదే నదిలో, హాంబర్గు మురుగు కలిసిన తరువాతి దిగువ నీటిని త్రాగిన ఆల్టోనా పట్టణము మాత్రము ఇసుక వడపోత మూలమున చాలవరకు బయటపడినది. శివారు ఊరికి ఇంతకన్న మంచి పాఠమేది? అయితే ఇసుక ఉప్పును తీయజాలదు. అందువలననే బోరునీటికి కాక వాననీటికి ఈ పద్ధతి తగును.

మనకన్న కష్టతరమైన నేలలో బ్రతుకు ప్రజలు ఏమి చేయుచున్నారో చూడుడు. ఆఫ్రికాలోని కెన్యా దేశమున మచాకోస్, కిటూయి ప్రాంతములలో వర్షాకాలమున మాత్రమే పారు వాగులున్నవి. అచ్చటివారు వాగునకు అడ్డుగా గోడ కట్టుదురు. గోడవెనుక ఇసుక మేట వేయును. ఆ ఇసుకలో నీరు ఎండకు ఆవిరి కాక దాగియుండును. వానలు వెనుకబడినపుడు ఆ నీరే వారిని ఆదుకొనును. వాగు ఎండిన చోట ఇసుకలో నీరు దాచుకొనుచుండగా, వాన కురియు చోట కప్పుక్రింద ఒక తొట్టి కట్టుకొనలేమా?

నీటి వెంటనే అన్నము. 2001లో సుప్రీంకోర్టు ఉత్తర్వు తరువాత బడిలో వండిన భోజనము పిల్లవాని హక్కైనది. 2013 ఆహార భద్రతా చట్టము ప్రాథమిక పాఠశాల బాలునకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు నిర్ణయించినది. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరమున ఆకలిగొన్నవారికి వేళ కాని వేళలందును వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారి పేరును 2024లో మన రాష్ట్రప్రభుత్వము ఈ భోజన పథకమునకు పెట్టినది. పేరు గొప్పది. కాని ఉప్పునీటితో ఉడికిన పప్పు, ఆకుకూర లేని పులుసు ఆ పేరునకు తగవు. పళ్లెములు, చేతులు కడిగిన నీటిని పాదులకు మళ్లించినచో మునగ, బచ్చలి, తోటకూర, అరటి, బొప్పాయి బడిలోనే పండును. నేల చవుడైనచో మన్ను పోసి ఎత్తుమళ్లు కట్టవచ్చును. బ్రెజిల్ దేశము 2009లో చేసిన చట్టము, బడిభోజనపు నిధులలో కనీసము 30 శాతమును చిన్న రైతుల పంట కొనుటకు వినియోగింపవలెనన్నది. ఇచ్చటి సన్నకారు రైతు కూరగాయలు ఇచ్చటి బడికే చేరినచో ఇరువురికిని మేలు.

ఈ కార్యము ప్రభుత్వము చేయవలసినదే. కాని అంతవరకు మనము చేతులు కట్టుకొని కూర్చుండవలెనా? నీరు పోయుట మన ఉభయ సంప్రదాయములలోను పుణ్యము. వేసవి చలివేంద్రము, ముహర్రము సబీలు ఒకే వీధిలో చూచినవారము మనము. హజ్రత్ ఉస్మాను మదీనాలో రూమా బావిని కొని ప్రజలకు విడిచెను. ఖలీఫా హారూన్ రషీదు భార్య జుబైదా మక్కా యాత్రికులకై కాలువ త్రవ్వించెను. కట్టించినవారు పోయినను ఫలమిచ్చుచుండు దానమును మనవారు సదఖయె జారియా అందురు. ఒక దినపు విందుకన్న ఒక తొట్టి గొప్పది.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము మూడు విధములు. మొదటిది: మన కళాశాల కప్పునీటిని పట్టుటకు ముందుగా మన ఆవరణలోనే తొట్టి కట్టవలెను, మనము చేయనిదానిని పల్లెకు బోధించు అర్హత మనకు లేదు. రెండవది: రసాయనశాస్త్ర విద్యార్థులు ఏటేట కాలువలు కట్టుటకు ముందొకసారి, విడిచిన పిదప ఒకసారి శివారు బడుల నీటిలో ఉప్పుపాలు పరీక్షించి, ఫలితమును పంచాయతీకి వ్రాతమూలకముగ తెలుపవలెను. మూడవది: వార్షికోత్సవపు షామియానాలకును, జ్ఞాపికలకును అగు వ్యయములో కొంత తగ్గించి, ఏటికొక పల్లె బడికి వడపోత తొట్టి కట్టించవలెను.

విద్యార్థులారా, మీలో అనేకులు ఆ బడులలో చదివి వచ్చినవారే. మధ్యాహ్నమునకే ఖాళీయైన సీసాను మీరింకను మరచియుండరు. మీ చెల్లెలు నేడు అదే బల్లపై కూర్చుండి యున్నది. ఆమె దాహమును ఓర్చుకొను అలవాటును మాన్పుటకు కావలసినది మహానది కాదు. ఒక కప్పు, ఒక గొట్టము, ఒక తొట్టి, కొంత ఇసుక. ఇవి సమకూర్చలేనిచో, గోదావరి ఒడ్డున ఇన్నేండ్లు చదివిన మన చదువునకు అర్థమేమి?