ఇల్లాలికి ఏ ఛందస్సు?

కృష్ణా డెల్టాలో రైసు మిల్లులు పెరగకముందు దంపుళ్ల పాటలుండేవి. ఇద్దరాడవాళ్లు చెరో రోకలి పట్టి ఒకే రోట్లో మార్చి మార్చి పోటు వేస్తుంటే ‘సువ్వి’ అన్న పల్లవి పోటుతో పాటే పడాలి. లయ తప్పితే రోకళ్లు ఢీకొంటాయి. అక్కడ గణాలు కట్టింది చేతులే. ఇప్పుడు బెజవాడ కవిసమ్మేళనాల్లో ఇల్లాలి మీద చదివే సీసపద్యాల్లో యతి తప్పదు, ఎత్తుగీతి చక్కగా కుదురుతుంది, ఇల్లాలికి మాత్రం చెమట పట్టదు. (చప్పట్లు కొట్టినవాళ్లు ఇంటికెళ్లేసరికి అన్నం వండి ఉంటుంది మరి!) అదే కవయిత్రి విమల ‘వంటిల్లు’ కవితలో యతిప్రాసలు వెతికితే దొరకవు. అయినా దానికి ఛందస్సు లేదంటే నేనొప్పుకోను. వంటిల్లు అన్న మాటే తిరిగి తిరిగి వచ్చి పాదాలకు నడక నేర్పుతుంది. పునరుక్తిని ఆలంకారికులు దోషాల్లో చేర్చారు, నిజమే. కానీ పూటపూటకీ అదే పొయ్యి, అవే అంట్లు అయిన బతుకును పునరుక్తి లేకుండా రాస్తే అది అబద్ధం. అంత్యప్రాస కోసం ఇల్లాలిని దీపాలతో, రూపాలతో జతకట్టే కుర్రకవులు ముందు ఆ కవితను గొంతెత్తి చదవాలి, వీలైతే అంట్లు తోముతూ.