సంతానచికిత్స — వ్యయభారము ఎవరిది?

కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితలు కలియుచోట, ఒకే పానవట్టముపై రెండు లింగములు వెలసిన ముక్తీశ్వరస్వామి సన్నిధిని, సంతానమును గోరి మ్రొక్కుకొను దంపతులు తరచుగా కానవత్తురు. వారి మ్రొక్కుబడికగు వ్యయము స్వల్పము: ఒక టెంకాయ, పసుపు కుంకుమలు, శక్తికొలది దక్షిణ. కాని వారు గుడినుండి మరలి మహదేవపూరు చేరి, అచ్చటనుండి వరంగల్లునకో హైదరాబాదునకో పోయి వైద్యుని సలహా నడుగనెంచిన నాటినుండి వేరొక లెక్క ప్రారంభమగును. గర్భమును ప్రయోగశాలయందు నిలుపు ఐ.వి.ఎఫ్. చికిత్సకు ప్రైవేటు కేంద్రములలో ఒక పర్యాయమునకు సాధారణముగా లక్షన్నర మొదలు రెండున్నర లక్షల రూపాయల వరకు అగుచున్నది. ఈ సొమ్ము ఎచ్చటనుండి రావలెను? చేను కుదువ పెట్టవలెనా? ఇల్లాలి మెడలోని బంగారము తాకట్టు పెట్టవలెనా? చీటీ పాడవలెనా? ఈ ప్రశ్న నేడు మన గ్రామములలో తలుపులు మూసికొని చర్చింపబడుచున్నది. దానిని బహిరంగముగా విచారించుట కర్తవ్యమని మేము తలంచుచున్నాము.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన దుఃఖమని పాఠకులు భావింపరాదు. జీవితకాలమున ఎప్పుడో ఒకప్పుడు ప్రతి ఆరుగురిలో ఒకరు సంతానలేమిని అనుభవించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. ఇంత విస్తారమైన బాధకు మన సంఘము ఇచ్చిన సమాధానమేమి? గొడ్రాలను నింద యొకటి. ఆ నింద స్త్రీమీదనే పడును. సంతానము లేని జంటలలో దాదాపు సగమందు పురుషుని లోపము, తానొక్కటియో స్త్రీ లోపముతో కూడియో, కారణమై యుండునని వైద్యులు చెప్పుచున్నారు. ఐనను పదిమంది వైద్యులచెంతకు త్రిప్పబడునది భార్య. కొన్ని వందల రూపాయలతో ముగియు వీర్యపరీక్షకు భర్త ముందుకు రాక, ఆమె శరీరముపై వేలకు వేలు వెచ్చించిన కుటుంబములు మన యూళ్లలో లేకపోలేదు. వృథావ్యయమునకు మొదటి కారణము దారిద్ర్యము కాదు, మగవాని బిడియము.

ఈ విద్య మన దేశమునకు పరాయిది కాదు. 1978 జూలై 25వ తేదీన ఇంగ్లండునందు లోకమున మొదటి టెస్ట్‌ట్యూబు శిశువు జన్మించెను. అటుపిమ్మట 70 దినములకే, అక్టోబరు 3వ తేదీన, కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన ఒక బాలిక జన్మించినది. నాటి ప్రభుత్వాధికారులు ఆ మహనీయుని నమ్మక అవమానించిరి; ఆయన 1981లో ఆత్మహత్య చేసికొనెను. తరువాత 1986 ఆగస్టు 6వ తేదీన, శాస్త్రీయమైన దాఖలాలతో, మరియొక శిశువు బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రియందు డాక్టరు ఇందిరా హిందుజా చేతులమీద జన్మించెను. పాఠకులు ఒక సంగతిని గమనింప కోరుచున్నాము. కె.ఇ.ఎం. ఆసుపత్రి ధనికుల విలాసమందిరము కాదు. బొంబాయి నగరపాలక సంఘము నడుపు ప్రజా వైద్యశాల. పన్ను కట్టు సామాన్యుల సొమ్ముతో నడచు చోట గడప దాటిన విద్య, పిదప అంగడి సరకై, నేడు ఆ సామాన్యునికే అందరానిదైనది.

ఇక ఈ వ్యయమును ఎవరు భరించుచున్నారో చూతము. కేంద్రప్రభుత్వోద్యోగులకు తమ ఆరోగ్య పథకము క్రింద, నియమములకు లోబడి, మూడు పర్యాయముల వరకు ఈ చికిత్సకైన ఖర్చులో కొంత తిరిగి చెల్లించు ఏర్పాటు కలదు. సంతానలేమి చికిత్సింపదగిన వ్యాధియని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లు దీనివలన స్పష్టమగుచున్నది. కాని బీదలకై ఉద్దేశింపబడిన ఆయుష్మాన్ భారత్ పథకమున సంతాన సంబంధమైన చికిత్సలు మినహాయింపబడినవి. భీమా కంపెనీల సంగతియు ఇట్టిదే. వాటి సామాన్య పత్రములలో వంధ్యత్వము ప్రత్యేక మినహాయింపుగా వ్రాయబడియుండును. అదనపు రుసుముతో కొన్ని మాత్రమే దానిని చేర్చుకొనుచున్నవి. ఢిల్లీ కచేరీలోని గుమాస్తాకు వ్యాధియైనది మహదేవపూరు మండలపు ప్రత్తి రైతునకు విలాసమెట్లయ్యెను? ఈ ప్రశ్నకు న్యాయమైన ప్రత్యుత్తరము మాకు కానరాదు.

సర్కారు చేయి చాపనిచో రైతు షావుకారు చేతిని పట్టవలసియుండును. రెండు లక్షల రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 4,000, సంవత్సరమునకు 48,000 రూపాయలు వడ్డీయే యగును. మొదటి పర్యాయము ఫలించునను నిశ్చయము లేదు. ముప్పదియైదేండ్ల లోపు స్త్రీకి ఒక పర్యాయమున ఫలించు అవకాశము సుమారు మూడింట ఒక వంతు. నలువది దాటిన పిమ్మట అది మిగుల సన్నగిల్లును. ఆ లెక్కన మూడు పర్యాయములు చేయించుకొన్నను నూటికి దాదాపు ముప్పది జంటలు రిక్తహస్తములతో మరలవలసియుండును. అప్పటికి ఆరు లక్షల అప్పు, సంవత్సరమునకు 1,44,000 రూపాయల వడ్డీ. రెండెకరముల ప్రత్తిచేను గలవాడు ఈ భారమును మోయలేడు. బిడ్డకై తాకట్టు పెట్టిన భూమి, బిడ్డ పుట్టకయే చేజారును. పుట్టినను ఆ బిడ్డకు మిగులదు. ఇట్టి అప్పుల నిచ్చువారిలో మన పాఠకులగు భూస్వాములు కొందరు కలరని మే మెరుగుదుము. పంటకిచ్చిన అప్పునకును, కన్నీటికిచ్చిన అప్పునకును ఒకటే వడ్డీ యనుట ధర్మమా యని వారు తమ్ము తామే ప్రశ్నించుకొందురు గాక.

ఐనచో పొదుపు చేసికొని నాలుగేండ్ల పిమ్మట చికిత్స చేయించుకొనరాదా యని కొంద రందురు. ఈ సలహా పైకి వివేకముగా కనుపడును. కాని ఇచ్చట కాలము కూడ ధనమే. స్త్రీకి ముప్పదియైదు దాటిన కొలది అండముల సంఖ్యయు శక్తియు త్వరితముగా తగ్గును. డబ్బు కూడునప్పటికి వయస్సు మించును, వయస్సున్నప్పుడు డబ్బుండదు. కావుననే ఈ నిర్ణయమును భావోద్రేకమునకు విడువక, కొన్ని నియమములకు కట్టుబడి చేయవలెనని మేము చెప్పుచున్నాము.

మొదటిది: ఒక సంవత్సరము కాపురము చేసినను గర్భము నిలువనిచో — భార్యకు ముప్పదియైదు దాటినచో ఆరు నెలలకే — భార్యాభర్తలిరువురును ఒకేసారి పరీక్ష చేయించుకొనవలెను. థైరాయిడు లోపము, అండము సకాలమున విడుదల కాకుండుట, గర్భనాళములు మూసికొనుట, వీర్యకణముల కొరత — వీనిలో మొదటి రెండు అనేకుల విషయమున మాత్రలతోనే చక్కబడును. గర్భకోశమునకు సోకిన క్షయవలన నాళములు చెడుట మన దేశమున అరుదు కాదు. క్షయకు ప్రభుత్వ వైద్యశాలలలో మందులు ఉచితము. ఈ మెట్లన్నియు ఎక్కక మునుపే రెండు లక్షల మెట్టుపై కాలిడుట అవివేకము.

రెండవది: ఎన్ని పర్యాయములు చేయించుకొనవలెనో, ఎంత సొమ్మువరకు పోవచ్చునో, చికిత్సకు ముందే దంపతులు కూర్చుండి కాగితముపై వ్రాసికొనవలెను. ఒక పర్యాయము విఫలమైన దినమున, దుఃఖము గొంతు పట్టియున్నప్పుడు, ఎవరును సరియైన లెక్క వేయలేరు.

మూడవది: ఇల్లాలి బంగారమును, ఆమెకు పసుపు కుంకుమల క్రింద పుట్టినింటివారిచ్చిన పొలమును, ఆమె మనఃపూర్వకమైన సమ్మతి లేక తాకరాదు. స్త్రీధనము ఆమె సొంతమనియు, భర్త కష్టకాలమున వాడుకొన్నను తిరిగి యీయవలసినవాడేననియు 2024లో సుప్రీముకోర్టు మరల చెప్పియున్నది. లోపము ఎవరిదైనను సూదులను భరించునది ఆమె శరీరము; సొమ్ము కూడ ఆమెదే కావలెనా?

నాలుగవది: చట్టము నెరుగవలెను. 2021లో చేయబడిన సహాయక పునరుత్పత్తి చట్టము ప్రకారము ప్రతి కేంద్రమును రిజిస్టరు కావలెను. చికిత్సలోని మంచి చెడ్డలను, ఫలించు అవకాశములను, అగు వ్యయమును దంపతులకు ముందుగా తెలుపవలెను. ఈ వివరములను చెప్పుటకు వెనుదీయు కేంద్రపు గడపను త్రొక్కకుండుట మేలు. 2025 జూలైలో సికిందరాబాదున ఒక కేంద్రముపై పోలీసులు జరిపిన చర్య పాఠకులకు జ్ఞాపకముండును. ముప్పది లక్షలకు పైగా చెల్లించిన దంపతులకు వారి రక్తసంబంధము లేని శిశువును అప్పగించిరను అభియోగముపై వైద్యురాలితోకూడ పలువురు అరెస్టయిరి. ఆశ ఎచ్చట అంగడి కెక్కునో అచ్చట మోసము దాని ప్రక్కనే దుకాణము తెరచును.

దంపతుల వివేకమును గూర్చి ఇంత చెప్పితిమి. కాని వివేకము వైద్యశాలకు ప్రతినిధి కాజాలదు. 2023 అక్టోబరులో సికిందరాబాదు గాంధీ ఆసుపత్రియందు ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రమునకు ప్రారంభోత్సవము జరిగెను. ఇది మెచ్చదగిన పని. అదే నెల 21వ తేదీన, మహదేవపూరు మండలమందలి మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు కుంగినవి. గోదావరీ జలములను ఎత్తిపోయుటకు వేల కోట్లు ఈ మండలపు ఇసుకలో పోసిన రాజ్యము, ఈ మండలపు స్త్రీకి ఒక పరీక్షాయంత్రమును ఈయలేనంత పేదదని మేము నమ్మజాలము.

గాంధీ ఆసుపత్రి మహదేవపూరునకు దాదాపు 250 కిలోమీటరుల దూరమున నున్నది. ఐ.వి.ఎఫ్. చికిత్సయందు పది పన్నెండు దినములు వరుసగా సూదులు వేయవలెను. రెండు మూడు దినముల కొకసారి స్కానింగు చేయవలెను. అండములను తీసి, మూడు మొదలు ఐదు దినముల పిమ్మట పిండమును గర్భమున నుంచవలెను. చికిత్స ఉచితమైనను, బసకును, ప్రయాణములకును, పోగొట్టుకొన్న కూలికిని వేలు కావలెను. కావున మా కోరిక యిది. 2023లో భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్యకళాశాల ఏర్పడినది. దాని ఆసుపత్రియందు చట్టము చెప్పు మొదటి తరగతి కేంద్రమును నెలకొల్పవలెను: ఇరువురి పరీక్షలు, మాత్రల చికిత్స, వీర్యమును గర్భకోశమున ప్రవేశపెట్టు సులభ చికిత్స అచ్చటనే జరుగవలెను. సూదులును స్కానింగును అచ్చటనే యగుచో, పట్టణమునకు పోవలసిన పని కొలది దినములతో ముగియును. ఐ.వి.ఎఫ్. తప్పనివారికి కనీసము రెండు పర్యాయముల వ్యయమును ఆరోగ్య పథకములు భరింపవలెను. గోవా ప్రభుత్వము 2023లో తన వైద్యకళాశాలయందు ఉచిత చికిత్స నారంభించెను. ఇజ్రాయెలు దేశము స్త్రీకి 45 ఏండ్లు వచ్చువరకు, ఇద్దరు బిడ్డలు కలుగువరకు, వ్యయమును భరించుచున్నది. అసాధ్యమును మేము కోరుటలేదు.

నూట నలువది కోట్లు దాటిన జనము గల దేశమున బిడ్డలకై ప్రజాధనమును వెచ్చించుట తగునా యని ఆక్షేపించువారు కలరు. సంతానము చాలునన్నవారికి దశాబ్దములుగా ఉచిత శస్త్రచికిత్సయు, పారితోషికమును ఇచ్చుచున్నది ఈ ప్రభుత్వమే. చాలునన్న తల్లికి చేయూత నిచ్చిన రాజ్యము, ఒక్కటియు లేదన్న తల్లికి మొగము త్రిప్పుకొనుట యెట్టి న్యాయము? పైగా గడచిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున స్త్రీ యొక్కతెకు సగటు సంతానము 1.8గా తేలినది, జనసంఖ్య నిలకడకు కావలసిన 2.1 కంటె అది తక్కువ. జ్వరమునకే మందులు లేనిచోట ఈ చికిత్స ముందా యని మరికొంద రందురు. జ్వరమునకు మందులు లేకుండుట ఒక తప్పు. ఆ తప్పును చూపి రెండవ తప్పును సమర్థింపరాదు.

చికిత్స ఫలింపనివారికి, అక్కర లేదనుకొన్నవారికి దత్తత యను మార్గము తెరచియే యున్నది. మన ధర్మశాస్త్రములు దత్తపుత్రుని పుత్రులలో లెక్కించినవి. 1956 నాటి చట్టము కుమార్తెను దత్తు చేసికొనుటకును, స్త్రీ దత్తు చేసికొనుటకును హక్కు నిచ్చినది. కాని దత్తత స్వేచ్ఛగా ఎన్నుకొను మార్గము కావలెను గాని, వైద్యమునకు డబ్బు లేనివానికి విధించు శిక్ష కారాదు.

దశరథుడు పుత్రకామేష్టి చేసిననాడు కోసలరాజ్యపు బొక్కసము ఆయన చేతిలో నుండెను. ఎంత వ్యయమని ఎవరును అడుగలేదు. మహదేవపూరు రైతు చేతిలో నున్నది రెండెకరముల పట్టాదారు పాసుపుస్తకము మాత్రమే. ప్రజారాజ్యమున బొక్కసము రాజుది కాదు, ఆ రైతుది. తన బొక్కసమునుండి తన కష్టమునకు కొంత పాలు అడుగుట భిక్ష కాదు, హక్కు. రాబోవు వ్యయపట్టికయందు ఆ హక్కును గుర్తింపుమని పాలకులను, అంతవరకు తమ ఋణగ్రస్తులపట్ల దయ వహింపుడని గ్రామపెద్దలను మేము కోరుచున్నాము.