రోగానికి టోపీ పెట్టిందెవరు?

దోమకు మతం లేదు. వైరస్‌కు మతం లేదు. మూడో క్లాసు పిల్లవాడికీ తెలిసిన మాట ఇది. అయినా 2020 ఏప్రిల్‌లో ఈ దేశం ఒక వైరస్ నెత్తిన టోపీ పెట్టింది. గడ్డం అతికించింది. 'కరోనా జిహాద్' అని పేరు పెట్టింది. టీవీలు ఆ పేరును పొద్దంతా అరిచాయి. తోపుడుబండి మీద కూరగాయలమ్మే మావాణ్ణి పేరడిగి మరీ గల్లీల్లోంచి తరిమారు. మేమిప్పుడు అడుగుతున్నాం. రోగం ఎలా ప్రయాణం చేస్తుందో మీకు తెలియదా? తెలిసే అన్నారా?

2020 జనవరి 30న దేశంలో మొదటి కేసు కేరళలో బయటపడింది. వూహాన్‌లో చదివే విద్యార్థిని. మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు. దుబాయ్ వెళ్లొచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. విద్యార్థులందర్నీ, ఇంజనీర్లందర్నీ ఎవరూ నిందించలేదు. నిందించకూడదు కూడా. మనిషి కదిలితే రోగం కదులుతుంది. మనిషి విమానమెక్కితే అదీ ఎక్కుతుంది. మార్చి 30న, ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లొచ్చిన ఆరుగురు చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. నాలుగు గోడల మధ్య వందలమంది కలిసి తిని, కలిసి పడుకుంటే రోగం అంటుకుంటుంది. మేం కాదనం. ఆ ఆరుగురూ మావాళ్లే. వాళ్ల కోసం ఏడ్చే వ్యవధి కూడా మాకివ్వలేదు. జనాజా లేవకముందే ముద్దాయిల్ని చేశారు.

మార్చి 13న కేంద్ర ఆరోగ్యశాఖ ఇది అత్యవసర పరిస్థితి కాదంది. 23 దాకా పార్లమెంటు నడిచింది. 24 రాత్రి నాలుగు గంటల వ్యవధిలో దేశానికి తాళం పడింది. మరుసటేడు ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాలో లక్షలమంది స్నానాలు చేశారు. ఆ యాత్రికుణ్ణీ మేం ముద్దాయి అనం. మర్కజ్‌వాడిలాగే అతనూ తన నమ్మకంతో వెళ్లాడు. మేం అడిగేది ఒక్కటే. ఒకే రోగానికి రెండు తూకపురాళ్లెందుకు?

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి జమాత్‌కు వచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేసింది. వాళ్లను బలిపశువుల్ని చేసి ఉండొచ్చంది. డిసెంబర్‌లో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయుల్ని నిర్దోషులంది. ఈ దేశపు 70 మంది మీది కేసులు ఢిల్లీ హైకోర్టులో వీగిపోయేసరికి 2025 జూలై 17 అయింది. అయిదేళ్లు! ఆనాడు అరిచిన టీవీలు ఈ తీర్పులకు ఎన్ని నిమిషాలిచ్చాయి?

ఇక మా నాచారానికి రండి. పారిశ్రామికవాడ చుట్టూ ఇరుకు గదులు. బీహార్ వాళ్లు, ఒడిశా వాళ్లు, మన పల్లెలవాళ్లు. షిఫ్టు మారితే మనిషి మారతాడు గానీ చాప మారదు. వీళ్లు దేశాలు చూడ్డానికి కదిలినవాళ్లు కాదు, అన్నం కోసం కదిలినవాళ్లు. లాక్‌డౌన్‌లో ఇళ్లకు పోతామంటే లింగంపల్లి నుంచి హటియాకు మొదటి రైలు కదిలింది మే 1న. రోగం రాకుండా దూరం దూరంగా ఉండమన్నారు. పదడుగుల గదిలో దూరం ఎక్కణ్ణుంచి తేవాలి?

ఆ ఏడే అక్టోబర్ 13న ఆకాశం చిల్లుపడింది. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. రామంతాపూర్ చెరువు ఇళ్లలోకి వచ్చింది. నీళ్లు ఎవరి పేరూ అడగలేదు. ఇలాంటి వానల వెనకే డెంగీ. ఆ దోమ పుట్టేది మురుగులో కాదు, నిలవున్న మంచినీళ్లలో. డ్రమ్ముల్లో, తొట్లలో, పాత టైర్లలో. నల్లా రోజూ రాని బస్తీ డ్రమ్ము పెట్టుకోక ఏం చేస్తుంది? దాని గుడ్లు ఎండినా నెలలకొద్దీ బతుకుతాయి. నీళ్లు తగిలితే లేస్తాయి. వాతావరణం వెచ్చబడితే దోమ ఒంట్లో వైరస్ తొందరగా ముదురుతుంది. దోమ ఎగిరేది కొన్ని వందల గజాలే. రోగాన్ని ఊళ్లు దాటించేది మనిషి ఒళ్లు. అంటే రోగాన్ని నడిపేవి ఎండా వానా, బతుకుతెరువు, సర్కారు చేయని పని. ఇందులో నమాజు ఎక్కడుంది?

మా చరిత్ర కూడా వినండి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమ తాగిన రక్తం హుసేన్ ఖాన్ అనే రోగిది. ఒక్కో దోమకాటుకు ఒక్కో అణా. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్‌కు అణాలు మిగిలాయి. అదే 1897లో తెల్లదొరలు అంటువ్యాధుల చట్టం చేశారు. 123 ఏళ్ల తర్వాత ఆ చట్టమే జమాతీల మీద పడింది. మా రక్తం శాస్త్రానికి పనికొచ్చింది. మా పేరు నేరానికి పనికొచ్చింది.

మేం దయ అడగడం లేదు. ఎండలు పెరుగుతున్నాయి, జనం కదులుతూనే ఉంటారు, రేపు ఇంకో రోగం వస్తుంది. అప్పుడు ముందు నల్లా చూడండి. నాలా చూడండి. గదికి ఎంతమంది పడుకుంటున్నారో లెక్కపెట్టండి. ఆ తర్వాత మా పేరు అడగండి. మందుచీటీ మీద రాయడానికి.