నగల పెట్టెలో రివాల్వరు

2012 డిసెంబరులో ఢిల్లీ నగరమున జరిగిన ఘోరము పిమ్మట, కాన్పూరులోని సర్కారు ఫిరంగి కర్మాగారము 2014 జనవరిలో స్త్రీల రక్షణార్థమని ‘నిర్భీక్’ అను రివాల్వరును వెలువరించెను. బరువు సుమారు 500 గ్రాములు. నాటి వెల లక్షా ఇరువది వేల రూపాయలకు పైమాట. దానిని నగల పెట్టెవంటి పెట్టెలోనుంచి యమ్మజూపిరి. ఏలినవారి రసికత మెచ్చదగినదే!

పెట్టె సొగసు సరియే. పిడి మాట యేమి? పిస్తోలు తేలికయైన కొలదిని పేల్చినపుడు చేతిని వెనుకకు తన్నుట హెచ్చు. ఆ తాకుడునకోర్చి రెండవమారు గురి నిలుపవలెనన్న పిడి గరుకుగా నుండవలెను. భయముచే చెమర్చిన యరచేతిలో నున్నని పిడి జారును. వ్రేళ్లు సవరించుకొనునంతలో దుర్మార్గుడు మీద బడును. అట్లని ఆకురాయివలె చేసినచో, అభ్యాసముననే అరచేయి ఒరసికొనిపోవును. నడుమున దోపినపుడు చీరను గీరి పోగులు లాగును. ఇట్టి పిస్తోలును నాలుగు దినములు మోసి అయిదవనాడు బీరువాలో పెట్టనివారెవరు? బీరువాలోని పిస్తోలు వీథిలో నెవరిని కాపాడును?

1878 నాటి తెల్లదొరల ఆయుధ శాసనము మనలను నిరాయుధులను గావించెను. 1959 చట్టము దానిని రద్దుపరచినను లైసెన్సు నిర్బంధము నిలిచియే యున్నది. అది యుండవలసినదే. కాని లైసెన్సు నిచ్చి, లక్ష పైచిలుకు గుంజి, చేతికి కుదురునో కుదురదో చూచుకొను తావైనను చూపకున్నచో అది రక్షణ యెట్లగును? పెట్టెకు రంగు నిర్ణయించుటకు ముందు, స్త్రీ పోలీసుల తడిచేతులతో పేల్పించి పిడిని దిద్దింపుడు!