ఆ నాలుగు స్క్రూలు మనం విప్పలేమా?

ల్యాప్‌టాప్ నెమ్మదించిందంటే చాలు, ఇంట్లో రెండే మాటలు వినిపిస్తాయి. ‘షాపులో ఇచ్చేయ్’, కాదంటే ‘కొత్తది కొనేద్దాం’. విప్పి చూద్దాం అని ఎవరూ అనరు. ఆడవాళ్ళం అంటే మరీ నవ్వులాట.

నాకు ఒళ్ళు మండేది అక్కడేనండీ. కుక్కర్ గాస్కెట్ మార్చేది ఎవరు? కుట్టుమిషన్ విప్పి, నూనె వేసి, మళ్ళీ బిగించేది ఎవరు? అది ఇంటిపని. అదే స్క్రూడ్రైవర్ ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి ‘టెక్నికల్’ అయిపోతుంది. బి.ఏ. తెలుగు చదివినదానికి హార్డ్ డిస్క్ గొడవెందుకు అన్నారు మా బావగారు. గణవిభజన చేయగలిగినదాన్ని, స్క్రూలు లెక్కపెట్టుకోలేనా?

మా అమ్మాయిది 11.6 అంగుళాల చిన్న ల్యాప్‌టాప్, ఆరేళ్ళది. షాపతను మూతైనా తీయకుండా ‘బోర్డు వీకైంది మేడమ్, డబ్బు దండగ’ అన్నాడు. బోర్డు నిక్షేపంలా ఉంది. నీరసమంతా హార్డ్ డిస్క్‌ది. అందులో పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, సన్నని చెయ్యి ఒకటి దానిమీద అటూ ఇటూ వెతుక్కోవాలి. ఎస్సెస్డీలో తిరిగేదే లేదు, అన్నీ చిప్పులే. తేడా అంతా అక్కడే ఉంది.

కొనేముందు మోడల్ నంబరు పెట్టి చూసుకోవాలి. మాదాంట్లో పట్టేది 2.5 అంగుళాల డిస్కు, 7 మిల్లీమీటర్ల మందం. కొన్నింట్లో బబుల్‌గమ్ ముక్కలాంటి ఎం.2 రకం పడుతుంది. కొన్ని చౌక ల్యాప్‌టాపుల్లో మెమరీని బోర్డుకే అతికించేస్తారు, వాటిని మనమే కాదు, షాపతనూ మార్చలేడు. వారంటీ ఉన్నదాన్ని కూడా నేను ముట్టుకోమనను.

రాత్రి యూఎస్‌బీ కేబుల్‌తో పాతదంతా కొత్తదానిలోకి కాపీ పెట్టి పడుకున్నాను. పొద్దున చార్జర్ తీసేసి, వెనక మూత విప్పి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను. ఏ స్క్రూ ఎక్కడిదో అట్టముక్క మీద గీసి గుచ్చుకున్నాను, పొడవుల్లో తేడా ఉంటుంది మరి. కంపెనీవాళ్ళు రెండు స్క్రూలను రబ్బరు కాళ్ళ కింద దాచారు! 2022లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, బాగానే ఉంది గానీ, ఈ దాగుడుమూతలు మాత్రం మానరు. పాత డిస్కు లాగి, కొత్తది ఆ ఫ్రేములోనే బిగించి తోశాను. కనెక్టర్ గాడి ‘ఎల్’ ఆకారంలో ఉంటుంది, తిరగేసి పెడదామన్నా పట్టదు. అరగంట పని, అప్పట్లో నాకు రెండు వేల లోపు ఖర్చయింది.

డబ్బు సంగతి అటుంచండి. షాపులో ఇచ్చేటప్పుడు పాస్‌వర్డ్ చీటీ మీద రాసి మూతకి అతికిస్తారు, చూశారా? ఆడపిల్ల ఫోటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు అన్నీ అందులోనే. బీరువా తాళం పనిమనిషికి ఇవ్వనివాళ్ళం, ఇది మాత్రం ముక్కూమొహం తెలియనివాడికి వారంరోజులు అప్పజెప్పి ధీమాగా ఇంటికొస్తాం. నేను స్క్రూడ్రైవర్ పట్టింది అసలు అందుకే.

మీరు విప్పనంటే మానేయండి. డిస్కు మార్పించేటప్పుడు మాత్రం ఎదురుగా కూర్చోండి, పాత డిస్కు అడిగి చేతిలోకి తీసుకోండి. ‘పాతది దేనికి మేడమ్’ అంటాడు. అయినా సరే, తీసుకోండి.